సగం ఎరుపు ఖరీదు

తెర మీద ఒక బొమ్మ పైన ఇంకో బొమ్మని పలచగా పరచాలంటే నీకిప్పుడు వేలితో ఒక గీతని ఇటు లాగితే చాలు, అమ్మడూ. వందని యాభై చేస్తావు, వెనకాల ఉన్నది మసగ్గా కనపడుతుంది. అర క్షణం ఆలస్యమైతే ఫోన్‌ని తిడతావు. ఆ యాభై వెనకాల కొందరి పిసినారితనం, ఇంకొందరి దుబారా ఎంతెంత ఉన్నాయో చెబుతాను, కూర్చో. నీ రీల్సు ఎక్కడికీ పోవులే.

నేను పాఠాలు చెప్పిన రోజుల్లో అమీర్‌పేటలో సందుకో కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ వెలుస్తోంది. మెషిన్లున్న గదికి ఏసీ, ఆ గది గుమ్మం ముందు చెప్పుల గుట్ట. కాళ్ళు దులుపుకుని లోపలికి వెళ్ళాలి. క్లాసయ్యాక మానిటర్లకి గుడ్డ తొడుగులు వెయ్యాలి. మెషిన్ టైం గంటల లెక్కన అమ్మేవాళ్ళు కాబట్టి ఒక కంప్యూటర్ ముందు ముగ్గురు కూర్చునేవాళ్ళు: టైపు చేసేవాడొకడు, తప్పులు పట్టేవాళ్ళిద్దరు. ఇరానీ చాయ్ రూపాయో రూపాయిన్నరో. చొక్కా జేబులోంచి ఫ్లాపీ కాస్త బయటికి కనపడేలా పెట్టుకుని ఆ చాయ్ తాగడం అప్పటి దర్జా. పెళ్ళిచూపులకి కూడా అలాగే వెళ్ళినవాడు నాకు తెలుసు. సంబంధం కుదిరింది కూడా.

దసరాకి ప్రతి మానిటర్‌కీ బొట్టు పెట్టేవాళ్ళం. అందరూ డబ్బా మీద పెడితే, భక్తి కాస్త ఎక్కువైన ఒకాయన గాజు మీదే పెట్టేశాడు. మర్నాడు పొద్దున వచ్చిన కుర్రాడు తన ప్రోగ్రాంలో ఎర్రచుక్క ఎక్కణ్ణించి వస్తోందా అని గంటసేపు వెతికాడు. డబ్బులిచ్చి కొనుక్కున్న గంట! పాపం, లైను లైనూ చదివాడు గానీ వేలితో ఒక్కసారి తుడిచి చూడలేదు.

సరే, రంగుల దగ్గరికి వద్దాం. టర్బో సి లో గ్రాఫిక్స్ అంటే మాకు పదహారే రంగులు, సున్నా నుంచి పదిహేను దాకా నంబర్లు. నాలుగు ఎరుపు, పద్నాలుగు పసుపు. బొమ్మ మీద బొమ్మ వెయ్యడానికి మాకు తెలిసిన గొప్ప కిటుకు ఎక్సార్. రెండు నంబర్లనీ బిట్టు బిట్టూ సరిపోల్చి, తేడా ఉన్నచోట ఒకటి, లేనిచోట సున్నా వెయ్యడం. దీని సొగసేమిటంటే అదే బొమ్మని అదే చోట రెండోసారి వేస్తే మాయమైపోయి, కిందున్నది చెక్కుచెదరకుండా బయటపడుతుంది. బంతిని ఎగరెయ్యాలంటే వెయ్యి, చెరుపు, జరుపు, మళ్ళీ వెయ్యి. కింద ఏముందో దాచుకోవడానికి మెమరీ ఖర్చు లేదు.

కానీ ఎర్ర బంతి పసుపు ఆకాశం మీదికి వెళ్ళిందనుకో, నాలుగుకీ పద్నాలుగుకీ ఎక్సార్ పది. పది అంటే లేత ఆకుపచ్చ. వినాయకుణ్ణి చెయ్యబోతే కోతి అయింది. "సార్, బంతి పచ్చబడింది" అని పిల్లలు అరిచేవాళ్ళు. "ఆకాశాన్ని నల్లగా పెట్టుకోండి" అనేవాళ్ళం. నలుపు సున్నా కదా, దాంతో ఎక్సార్ చేస్తే ఎవరి రంగు వాళ్ళకే మిగులుతుంది. ఆ రోజుల్లో మా పిల్లలు చేసిన ఆటలన్నిట్లోనూ ఆకాశం అమావాస్యే.

కొంచెం ముదిరినవాళ్ళు 13హెచ్ అనే మోడ్‌లోకి వెళ్ళేవాళ్ళు. ఐబిఎం వాళ్ళు 1987లో తెచ్చిన వీజీఏలో అదొకటి. అడ్డంగా 320, నిలువుగా 200, మొత్తం 64,000 చుక్కలు. చుక్కకి ఒక్క బైటు. 256 రంగులు! అబ్బో అనుకున్నాం. అయితే ఆ బైటులో ఉండేది రంగు కాదు, రంగుల పెట్టెలో అర నంబరు. 2,62,144 రంగుల్లోంచి 256 ఏరుకుని ఆ పెట్టెలో నీ ఇష్టం వచ్చిన వరసలో సర్దుకోవచ్చు. పదో అరలో ఎరుపు, ఇరవయ్యో అరలో నీలం ఉంటే, రెంటికీ మధ్యరకం పదిహేనో అరలో ఉంటుందని నమ్మకమేమీ లేదు. అక్కడ బురదరంగు ఉండొచ్చు, బంగారం ఉండొచ్చు.

దానికీ ఒక ఉపాయం కనిపెట్టారు మహానుభావులు. ఏ అరలోని రంగు ఏ అరలోని రంగుతో కలిస్తే ఏమవుతుందో ముందే లెక్కగట్టి, దానికి దగ్గర్లో ఉన్న అర నంబరుని ఒక పట్టికలో రాసి పెట్టుకోవడం. ఆట నడిచేటప్పుడు లెక్కలేం చెయ్యరు, పట్టిక చూసి రాసేస్తారు. ఎక్కాలు బట్టీపట్టిన కుర్రాడికి వేళ్ళు మడవాల్సిన పనేముంది? 256 ని 256 తో గుణిస్తే 65,536 బైట్లు. డాస్ మనకిచ్చేదే 640 కేబీ, అందులో పదో వంతు ఈ పట్టికకే పోతుంది. అదీ సగం-సగం కలపడానికి. పావు-ముప్పావు కావాలంటే ఇంకో పట్టిక. పిండి కొద్దీ రొట్టె కదా, చాలామంది సగంతోనే సరిపెట్టుకున్నారు. 1997లో వచ్చిన క్వేక్ 2 ఆట కూడా గ్రాఫిక్స్ కార్డు లేని మెషిన్ల మీద గాజునీ నీళ్ళనీ ఇలా పట్టిక చూసే కలిపేది.

పట్టికకి కూడా చోటు లేనివాళ్ళున్నారు. వాళ్ళు ఇంకో మెట్టు దిగి, అసలు కలపడమే మానేశారు. ఒక చుక్క పైబొమ్మది, పక్క చుక్క కిందిబొమ్మది, గళ్ళు గళ్ళుగా వేసి వదిలేశారు. కలుపుకోవలసిన బాధ్యత చూసేవాడి కంటిది! 1991లో సేగా వాళ్ళు తెచ్చిన సోనిక్ ఆటలో జలపాతం నిలువు చారలే, ఒక వరస నీళ్ళు, ఒక వరస వెనకాల కొండ. ఆ కాలపు టీవీకి వెళ్ళే వీడియో తీగ పక్కపక్క చుక్కల్ని కొంచెం అలికేసేది కాబట్టి చారలు కలిసిపోయి నిజంగానే నీళ్ళలోంచి కొండ కనపడుతున్నట్టుండేది. ఇప్పటి తెర మీద ఆడి చూడు, చారలు చారలుగా బయటపడుతుంది. తీగ లోపం మీద బతికిన జలపాతం అది. ఈ గళ్ళవాళ్ళని కాస్త గుర్తుపెట్టుకో, వాళ్ళతో మళ్ళీ పనుంది.

ఇదంతా లేనివాళ్ళ కథ. ఉన్నవాళ్ళ కథ దీనికి చాలా ముందే, అమెరికాలో మొదలైంది. ఆల్వీ రే స్మిత్ అని ఒకాయన, జెరాక్స్ వాళ్ళ పరిశోధనశాలలో రిచర్డ్ షౌప్ తయారుచేసిన సూపర్‌పెయింట్ అనే రంగుల యంత్రం చూసి దానికి అతుక్కుపోయాడు. రంగుల మీద ఇంక ఖర్చు దేనికని కంపెనీ ఆయన్ని పంపించేసింది. కంప్యూటర్లో రంగు అనవసరం అనుకున్న పెద్దమనుషులు! ఇంటికొచ్చిన లక్ష్మిని గుమ్మంలోంచే సాగనంపడమంటే అదే.

ఆయన అటూ ఇటూ తిరిగి న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలండ్‌లో, న్యూయార్క్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో తేలాడు. దాని అధిపతి అలెగ్జాండర్ షూర్‌కి కంప్యూటర్‌తో కార్టూన్ సినిమా తియ్యాలని పిచ్చి. అడిగిన యంత్రమల్లా కొనేవాడు, ఫ్రేమ్ బఫర్లతో సహా. ఫ్రేమ్ బఫర్ అంటే ఒక తెరకి సరిపడా బొమ్మని పట్టి ఉంచే మెమరీ. 512 అడ్డం, 512 నిలువు, చుక్కకొక బైటు, వెరసి పావు ఎంబీ. నీ ఫోన్‌లో ఒక ఫొటోకి చాలదు. అది ఒక్కోటీ 60,000 డాలర్లకి తక్కువ కాదు. ఆయన అలాంటివి ఆరు కొనిపెట్టాడు. మూడు కలిపితే ఎరుపుకొకటి, పచ్చకొకటి, నీలానికొకటి. రంగుల పెట్టె గొడవ లేకుండా చుక్క చుక్కకీ అసలు రంగు. ఇప్పుడు కలపడమంటే నిజంగా కలపడమే.

అక్కడే 1977లో స్మిత్‌కీ, ఎడ్ క్యాట్‌మల్‌కీ ఆల్ఫా ఆలోచన వచ్చింది. క్యాట్‌మల్ ఎవరో నీకు తెలియకపోవచ్చు గానీ, నువ్వు చిన్నప్పుడు చూసిన టాయ్ స్టోరీ ఉందే, అది తీసిన పిక్సార్ పెట్టినవాళ్ళలో ఈ ఇద్దరూ ఉన్నారు. వాళ్ళ చిక్కేమిటంటే, ఒక వస్తువు అంచు చుక్క మధ్యలోంచి పోతే, ఆ చుక్కలో వస్తువు కొంత, వెనకాల దృశ్యం కొంత ఉంటుంది. వెనకాల దృశ్యం మారిస్తే అంచులన్నీ చెడతాయి, బొమ్మంతా మళ్ళీ మొదట్నించీ లెక్కగట్టాలి. ఆ కాలపు యంత్రాల మీద అదెంత సేపో నీకు ఊహకి కూడా అందదు. అందుకని ఎరుపు, పచ్చ, నీలంతో పాటు నాలుగో అంకె ఒకటి చుక్క చుక్కకీ దాచారు: ఈ చుక్కని వస్తువు ఎంత మేర కప్పింది? సున్నా అయితే ఏమీ లేదు, ఒకటి అయితే పూర్తిగా. ఆ నాలుగో అంకే ఆల్ఫా.

దోమతెర లోంచి ఎప్పుడైనా చూశావా? నువ్వెక్కడ చూస్తావులే, ప్లగ్గులో పెట్టే మందు బిళ్ళల కాలం మీది. దారం ఉన్నచోట దారమే కనపడుతుంది, సందు ఉన్నచోట అవతల ఉన్నది కనపడుతుంది. దూరం నుంచి చూస్తే రెండూ కలిసి తెల్లటి పొర పరుచుకున్నట్టుంటుంది. దారం పావు వంతు కప్పితే, తెల్ల రంగులో పావు, అవతలి రంగులో ముప్పావు. లెక్కంతా ఇదే: పైరంగుని ఆల్ఫాతో గుణించు, కిందిరంగుని ఒకటిలోంచి ఆల్ఫా తీసేసినదానితో గుణించు, కూడు. ఎరుపుకోసారి, పచ్చకోసారి, నీలానికోసారి. నువ్వు వేలితో లాగే గీత కింద ఇప్పటికీ నడిచేది ఈ ఒక్క ముక్కే.

మన సినిమావాళ్ళకి దీని అన్న తెలుసు, అమ్మడూ. రాముడు-భీముడు 1964లో వచ్చింది, రామారావుగారు ఇద్దరు. ద్విపాత్రాభినయం తీసేటప్పుడు కెమెరాలో సగం నల్లగా మూసి ఒక వేషం తియ్యడం, రీలు వెనక్కి తిప్పి ఇటు సగం మూసి రెండో వేషం తియ్యడం అప్పటి పద్ధతి. ఒకటీ సున్నా మాత్రమే ఉన్న ఆల్ఫా అనుకో. అందుకే ఇద్దరూ గీత గీసుకున్నట్టు చెరో పక్కా నిలబడేవాళ్ళు. చెయ్యి గీత దాటితే తెగిపోతుంది! మాయాబజార్‌లో కెమెరా పట్టిన మార్కస్ బార్ట్‌లీ చూపించిన పనితనం గురించి మొదలుపెడితే ఇవాళ్టికి తెమలదు. మీ అమ్మమ్మ అన్నానికి లేవమంటుంది. రంగుల దగ్గరికే పోదాం.

1984లో లూకాస్‌ఫిల్మ్‌లో పనిచేసే థామస్ పోర్టర్, టామ్ డఫ్ కలిసి ఈ విద్యకి వ్యాకరణం రాశారు. రెండు బొమ్మల్ని ఒకదానితో ఒకటి ఎన్ని రకాలుగా కలపొచ్చో పన్నెండు పద్ధతులుగా తేల్చారు. వాటిలో రోజువారీ వాడకం ఒకదానికే, దాన్ని ఓవర్ అంటారు. ఓవర్‌లో ఎవరు పైన, ఎవరు కింద అన్నది తారుమారు చెయ్యకూడదు. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి. ఆఖర్న వేసినదే పైకి కనపడుతుంది. అందుకే త్రీడీ ఆటల్లో పొగా గాజూ లాంటివాటిని దూరం నుంచి దగ్గరికి వరస పెట్టుకుని మరీ వేస్తారు. వరస తప్పితే కిటికీ అద్దం లోంచి ఇంట్లోవాళ్ళు మాయమవుతారు.

వాళ్ళు చెప్పిన ఇంకో మాటే నాకు చాలా ఇష్టం. రంగుని ముందే ఆల్ఫాతో గుణించి దాచుకోమన్నారు. సగం కప్పే ఎరుపుని "నిండు ఎరుపు, ఆల్ఫా సగం" అని కాకుండా "అర ఎరుపు, ఆల్ఫా సగం" అని రాసుకోవాలి. ప్రతిసారీ పైరంగుకి చెయ్యాల్సిన గుణకారం తప్పుతుంది. అంతకంటే పెద్ద లాభం అంచుల దగ్గర. బొమ్మని చిన్నదీ పెద్దదీ చేసేటప్పుడు పక్కపక్క చుక్కల్ని సగటు తీస్తారు కదా, పూర్తిగా పారదర్శకమైన చుక్కలో కనపడకుండా దాక్కున్న నలుపు ఆ సగటులోకి పాకి, అంచు చుట్టూ మసిగీత పడుతుంది. ముందే గుణించేస్తే ఆ దొంగ రంగుకి వాటా సున్నా. నువ్వు మొన్న కత్తిరించి పంపిన ఫొటోలో మీ బాబాయి జుట్టు చుట్టూ ఉన్న నల్లగీత దీని చలవే కావచ్చు. ఆయన మాత్రం రంగేసుకున్నది బాగా కుదిరిందనుకుంటున్నాడు.

స్మిత్, క్యాట్‌మల్, పోర్టర్, డఫ్ నలుగురికీ 1996లో ఆస్కార్ వాళ్ళు సాంకేతిక బహుమతి ఇచ్చారు.

ఇంక మళ్ళీ మా వీధికి రా. 640 అడ్డం 480 నిలువు తెర అంటే 3,07,200 చుక్కలు, మూడు రంగులూ కలిపి 9,21,600 సార్లు ఆ లెక్క చెయ్యాలి. సెకనుకి ముప్పై తెరలు చూపిస్తే రెండు కోట్ల డెబ్భై ఆరు లక్షల పైచిలుకు. రంగులు 0 నుంచి 255 దాకా ఉంటాయి కాబట్టి ప్రతి గుణకారం తర్వాతా 255తో భాగించాలి. భాగహారమంటే ప్రాసెసర్‌కి ప్రాణం మీదికొస్తుంది. పాత 8086లో చిన్న భాగహారానికే 80 నుంచి 90 క్లాకులు పట్టేవి, ఒక బిట్టు పక్కకి జరపడానికి రెండే. ఎనిమిది బిట్లు జరిపితే 256తో భాగించినట్టు. 255కీ 256కీ ఎంత తేడా, ఒకటేగా అనుకున్నారు జనం.

ఆ ఒకటే కొంప ముంచింది. తెలుపుని నిండుగా తెలుపుతో గుణించు: 255 ఇంటూ 255, 65,025. దాన్ని 256తో భాగిస్తే 254. నిండు తెలుపు నిండుగా రావాలా, ఒకటి తరిగింది. ఇలా పొర మీద పొర వేసుకుంటూ పోతే ప్రతి పొరకీ కొంచెం కొంచెం మాసిపోతుంది. చివరికి జిమ్ బ్లిన్ అని ఒకాయన రాసిన కిటుకు అందరి నోట్లోనూ నానింది: 128 కూడు, వచ్చినదాన్ని ఎనిమిది బిట్లు జరిపి దానికే కలుపు, మళ్ళీ ఎనిమిది బిట్లు జరుపు. కాగితం మీద చేసి చూడు. 65,153, దానికి 254 కలిపితే 65,407, జరిపితే 255. భాగహారం లేదు, తరుగూ లేదు. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు.

1996లో త్రీడీఎఫ్ఎక్స్ వూడూ కార్డు వచ్చాక ఈ లెక్కలన్నీ కార్డే చేసుకుపోయింది. మా కిటుకులు మా దగ్గరే ఉండిపోయాయి. దానికి నాకేం బాధ లేదు.

అసలు తిరకాసు ఇంకోచోట ఉంది. ఇన్నాళ్ళూ అందరం కలిపింది రంగుల్ని కాదు, నంబర్లని. ఉన్నవాళ్ళమైనా, లేనివాళ్ళమైనా, 255 నిండు వెలుగైతే 128 సగం వెలుగు అనే అనుకుంటాం. కాదు! తెర మీద 128 ఇచ్చే వెలుగు నూటికి ఇరవై రెండు పాళ్ళు కూడా ఉండదు. పాత గాజు గొట్టం టీవీల స్వభావం అది, తక్కువ నంబర్లకి వెలుగు బాగా తక్కువ. మన కన్ను కూడా చీకట్లో చిన్న తేడాల్ని బాగా పడుతుంది కాబట్టి నంబర్లని చీకటి వైపు ఎక్కువ కేటాయించుకోవడం లాభమే. హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి 1996లో ప్రతిపాదించిన ఎస్ఆర్‌జీబీ ఈ వంపునే ఖాయం చేసింది, 1999లో అంతర్జాతీయ ప్రమాణమైంది. దాని ప్రకారం సగం వెలుగుకి నంబరు 188.

కాబట్టి ఎరుపునీ పచ్చనీ నంబర్ల లెక్కన సగం సగం కలిపితే వచ్చేది 128, 128, సున్నా, మురికి పసుపు. వెలుగు లెక్కన కలిపితే 188, 188, సున్నా, తేటగా ఉంటుంది. ఎర్ర పువ్వు పచ్చటి ఆకు మీద మెత్తటి అంచుతో ఉన్న ఫొటోల్లో ఆ రెంటి మధ్య మసిపట్టినట్టు ఒక చార కనపడుతుందే, అది పువ్వుది కాదు, లెక్కది. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడన్నట్టు అది ఏళ్ళ తరబడి ఎవరి కంటా పడకుండా కాపరం చేసింది. ఇప్పటికీ చాలా ప్రోగ్రాముల్లో చేస్తోంది. వెలుగులోకి మార్చి, కలిపి, తిరిగి నంబర్లలోకి మార్చడం అదనపు ఖర్చు కదా. డబ్బున్నా లేకపోయినా పిసినారితనం మాత్రం పోలేదు.

ఇప్పుడు గళ్ళవాళ్ళని పిలుద్దాం. వాళ్ళు నంబర్లు కలపలేదు. నలుపు చుక్క నల్లగానే, తెలుపు చుక్క తెల్లగానే వదిలేశారు. దూరం నుంచి చూస్తే వాటి వెలుగులు నేరుగా కంట్లో కలుస్తాయి. కంటికి ఎస్ఆర్‌జీబీ తెలీదు. అంటే చేతిలో కాణీ లేక గళ్ళు వేసినవాడి సగమే నిఖార్సైన సగం. సోనిక్ జలపాతాన్ని మాత్రం ఈ లెక్కలోంచి మినహాయించాలి, అక్కడ కలిపింది కన్ను కాదు, తీగలోని కరెంటు. అది కూడా నంబరు లాంటిదే.

నా మాట మీద నమ్మకం లేదు కదూ, మొహం చూస్తేనే తెలుస్తోంది. నీ ల్యాప్‌టాప్ తియ్యి. చుక్క నలుపు, చుక్క తెలుపు చొప్పున చదరంగం గళ్ళు వెయ్యి. దాని ఎడమ పక్కన 128 బూడిదరంగు గడి, కుడి పక్కన 188 గడి. బొమ్మని అసలు సైజులోనే ఉంచు, సాగదీస్తే లెక్క చెడుతుంది. తర్వాత గది అవతలికి వెళ్ళి చూడు. నేనైతే కళ్ళజోడు తీస్తే చాలు, లేవక్కర్లేదు. గళ్ళు కుడి గడిలో కలిసిపోతాయి, ఎడమది చీకటిగా మిగిలిపోతుంది. అది చూశాక, అవే గళ్ళని నువ్వు రోజూ వాడే ఎడిటింగ్ యాప్‌లో సగం సైజుకి తగ్గించి, వచ్చిన బూడిదరంగు నంబరెంతో చదువు. 128 వస్తే దానికి సగటు తియ్యడం ఒక్కటే తెలుసు. 188 వస్తే వెలుగంటే ఏమిటో తెలిసినవాడెవడో దాన్ని రాశాడు. ఏదొచ్చిందో అన్నాలయ్యాక చెబుదువుగాని.